వచ్చినవాళ్లు వెళ్ళిపోయాక

బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర, రోడ్డు చప్పుడుకి కాస్త ఎడంగా ఒక పాత బంగళా ఉంది. 1897 ఆగస్టు 20న బ్రిటిష్ సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో ఒక దోమని కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి, దాని పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ గుర్తుగానే బంగళాని నిలిపి ఉంచారు. 1902లో రాస్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన కోసిన దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. మలేరియా జ్వరంతో ఉన్న ఆ మనిషి దోమతెర లోపల పడుకుని, కుట్టిన ఒక్కో దోమకి ఒక్కో అణా చొప్పున తీసుకున్నాడు.

ధనిక దేశాలూ పేద దేశాలూ కలిసి పనిచెయ్యడం అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ అణాలు గుర్తొస్తాయి. రాస్ చేసిన పని మనుషులందరికీ మేలు చేసింది, అందులో అనుమానం లేదు. కానీ కొన్ని వారాలకే ఆయన బదిలీ మీద సికింద్రాబాద్ వదిలి వెళ్ళాడు. జ్ఞానం ఆయన వెంట వెళ్ళింది, కూలి హుసేన్ ఖాన్ దగ్గర మిగిలింది. మలేరియా ఎక్కడిదక్కడే ఉంది. వచ్చినవాళ్లు వెళ్ళిపోయాక ఇక్కడ ఏం మిగిలింది? విదేశీ సాయాన్ని అంచనా వేయడానికి నాకు ఇంతకంటే మంచి ప్రశ్న దొరకలేదు.

సాయం ఎప్పుడూ అటునుంచి ఇటే వచ్చిందనీ కాదు. రాస్‌కి ఎనిమిదేళ్ల ముందు, 1889లో, మత్తుమందుగా వాడే క్లోరోఫామ్ ప్రమాదమా కాదా అన్న తగువు తేల్చడానికి నిజాం ప్రభుత్వమే వెయ్యి పౌన్లు ఖర్చుపెట్టింది. లండన్ వైద్యపత్రిక లాన్సెట్ తరఫున డాక్టర్ లాడర్ బ్రంటన్ హైదరాబాద్ వచ్చి ఇక్కడి వైద్యులతో కలిసి ప్రయోగాలు చేశాడు. డబ్బు మనది, ప్రశ్న మనది, చూసి చెప్పడానికి పిలిచిన మనిషి వాళ్ల మనిషి. ఎనిమిదేళ్ల తేడాతో జంటనగరాల్లో జరిగిన ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెడితే, సాయం విషయంలో చూడవలసింది దాని పరిమాణం ఒక్కటే కాదని అర్థమవుతుంది.

ఇవాళ లోకమంతా పరిమాణం గురించే మాట్లాడుతోంది. దానికి కారణమూ ఉంది. సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతాన్ని పేద దేశాల అభివృద్ధికి ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లో తీర్మానించింది. నార్వే, స్వీడన్, డెన్మార్క్ లాంటి కొద్ది దేశాలే దాన్ని పట్టుదలగా పాటించాయి. బ్రిటన్ 2013లో ఆ గీత అందుకుంది, 2015లో దాన్ని చట్టంలో రాసుకుంది, 2021లో 0.5కి దిగింది, 2027కల్లా 0.3కి దిగుతామని 2025 ఫిబ్రవరిలో చెప్పింది. అమెరికా 2025 జులైలో యూఎస్‌ఎయిడ్ సంస్థ తలుపులే మూసింది. ఇంత కోత పడుతున్నప్పుడు ఎంత అన్న చర్చ తప్పదు.

దానంగా వచ్చిన ఆవుకి పళ్లు లెక్కపెట్టకూడదంటారు. అరవై డెబ్బై ఏళ్లుగా సోవియట్ యూనియన్, అమెరికా, బ్రిటన్, నెదర్లాండ్స్, జపాన్, ప్రపంచబ్యాంకు, యూనిసెఫ్ ఇలా అందరి దగ్గరా ఏదో ఒకటి తీసుకున్న తెలుగు నేల మాత్రం ఆ పళ్లు లెక్కపెట్టి తీరాలి. మన అనుభవంలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు, ఎందుకు అన్నది ఇచ్చేవాళ్లు కూడా వినవలసిన సంగతి.

నిలిచినదాంట్లో మొదట చెప్పవలసింది మా సికింద్రాబాద్ పొరుగునే ఉంది. బోయినపల్లి దాటి బాలానగర్ వైపు వెళ్తే ఐడీపీఎల్ అన్న పేరు బస్టాపుకీ, కాలనీకీ ఇప్పటికీ అంటుకుని ఉంది. 1950ల్లో విదేశీ కంపెనీలు చాలా మందుల మూలపదార్థాన్ని బయటినుంచి తెచ్చి, ఇక్కడ మాత్రలు కట్టి, సీసాల్లో పోసి అమ్మేవి. అసలు మందు తయారుచేసే కిటుకు మాత్రం ఇచ్చేవి కావు. కొన్ని మందుల ధరలు ప్రపంచంలోనే అతి ఎక్కువగా ఉన్న దేశాల్లో భారత్ ఒకటని అమెరికా సెనేట్‌లో కెఫావర్ కమిటీ ఆ రోజుల్లోనే తేల్చింది. అప్పుడు సోవియట్ యూనియన్ అప్పిచ్చింది, యంత్రాలిచ్చింది, తయారీ పద్ధతులు చెప్పింది, దగ్గరుండి నేర్పే మనుషుల్ని పంపింది. 1961లో ప్రభుత్వ మందుల కంపెనీగా ఐడీపీఎల్ ఏర్పడింది. రుషీకేశ్‌లో యాంటీబయాటిక్స్, మద్రాసు గిండీలో శస్త్రచికిత్స పరికరాలు, హైదరాబాద్‌లో సింథటిక్ మందులు అని మూడు చోట్ల పని పంచారు. 1960ల చివరికి బాలానగర్‌లో ఉత్పత్తి మొదలైంది.

ఆ సాయంలో లోపాలు లేవనను. గిండీలో చేసిన కత్తెరలూ పట్టకార్లూ సోవియట్ నమూనా ప్రకారం తయారై మన సర్జన్ల చేతికి ఇమడలేదు. తీసుకునేవాణ్ణి అడగకుండా ఇస్తే ఏమవుతుందో చెప్పడానికి ఆ ఒక్క ఫ్యాక్టరీ చాలు. 1992లో ఐడీపీఎల్ ఖాయిలా పడి, అలాంటి పరిశ్రమల్ని చూసే బీఐఎఫ్‌ఆర్ బోర్డు గుమ్మం ఎక్కింది. ప్రాజెక్టు నివేదికల లెక్కన చూస్తే అది విఫలమైన సాయమే. కానీ బాలానగర్ గేటు లోపల రియాక్టర్ల దగ్గర పని నేర్చుకున్న కెమిస్టులూ ఇంజనీర్లూ బయటికొచ్చి ఏంచేశారో ఆ నివేదికల లెక్కలోకి రాదు. 1969 నుంచి 1975 వరకు అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆయన బాటలోనే ఎంతోమంది జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరుల్లో షెడ్లు వేసుకుని బల్క్ డ్రగ్ తయారీకి దిగారు. మందు పదార్థానికి కాక తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చే 1970 నాటి మన చట్టం వాళ్లకి దారి తెరిచింది. తార్నాకలోని రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు కొత్త పద్ధతులు కనిపెట్టి ఇచ్చారు. నేర్పేవాడు ఒకడుంటే సరిపోదు. నేర్చుకున్నదాన్ని వాడుకోనిచ్చే చట్టం, ఆసరాగా నిలిచే ప్రయోగశాల, చదువుకున్న కుర్రాళ్లు కూడా ఉండాలి. ఇవన్నీ ఉన్నచోట పడిన విత్తనం కాబట్టే మొలిచింది. కంపెనీ పోయినా విద్య పోలేదు.

రాజేంద్రనగర్‌లో 1964లో మొదలైన వ్యవసాయ విశ్వవిద్యాలయం వెనక అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ తోడ్పాటు ఉంది. అదీ ఇదే కోవకి వస్తుంది. అక్కడినుంచి వచ్చిన ఆచార్యులు ఎప్పుడో వెళ్ళిపోయారు, విశ్వవిద్యాలయం ఉంది.

ఆ తర్వాతి కథ వేరు. 1990ల చివర్లో ఆంధ్రప్రదేశ్ అంటే దాతలకి ముద్దుబిడ్డ. 1998లో ప్రపంచబ్యాంకు ఆర్థిక పునర్నిర్మాణం పేరుతో అప్పిచ్చింది. 1999లో మెకిన్సీ అనే కన్సల్టెన్సీ సాయంతో రాసిన విజన్ 2020 అనే రాష్ట్ర ప్రణాళిక వచ్చింది. బ్రిటిష్ సాయం శాఖ డీఎఫ్‌ఐడీ ఈ రాష్ట్రాన్ని తన ముఖ్య భాగస్వాముల్లో ఒకటిగా ఎంచుకుంది. పట్టణ పేదల కోసం వీధుల్లో కాలువలు, దీపాలు వేయించే పథకానికి ఇచ్చిన డబ్బు ఎంతోమందికి ఉపయోగపడింది. అంతకుముందు 1980ల్లో బ్రిటిష్ సాయంతోనే హైదరాబాద్, విశాఖ బస్తీల్లో జరిగిన అభివృద్ధి పనుల్ని మంచి ఉదాహరణగా చాలాకాలం చెప్పుకున్నారు. అయితే అదే బ్రిటిష్ డబ్బుతో లండన్ నుంచి ఆడం స్మిత్ ఇన్‌స్టిట్యూట్ కన్సల్టెంట్లు కూడా వచ్చారు. ఏ ప్రభుత్వ సంస్థని అమ్మాలి, దేన్ని మూయాలి అన్న సలహా వాళ్లది. బోధన్ నిజాం షుగర్స్‌లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది ఆ రోజుల్లోనే, 2002లో. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీకి తాళం పడింది. ఆ కాగితాల మీద రాసిన సలహాకి ఎవరు జవాబుదారీ? చెరకు రైతు లండన్ వెళ్ళి అడగలేడు. అడిగినా, నిర్ణయం మీ ప్రభుత్వానిదే కదా అంటారు. మన ప్రభుత్వాన్ని అడిగితే దాతల షరతు అనేవారు. నిర్ణయానికి యజమాని కనపడకుండా పోవడం ఆనాటి భాగస్వామ్యంలో అన్నిటికంటే పెద్ద తప్పని నేననుకుంటాను.

కరెంటు సంస్కరణల్లోనూ అదే జరిగింది. ప్రపంచబ్యాంకు అప్పు, బ్రిటన్, కెనడాల గ్రాంట్లు వచ్చాయి. 2000లో ఛార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో అసెంబ్లీ వైపు వెళ్తున్న ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. సంస్కరణ అవసరమా కాదా అన్న వాదన పక్కన పెట్టినా, ఛార్జీ కట్టేవాడితో మాట్లాడకుండా అప్పిచ్చేవాడితో కుదుర్చుకున్న ఒప్పందం రోడ్డు మీదికి రావడంలో వింతేముంది?

పేదల్ని అడిగితే ఏమంటారో తెలుసుకునే ప్రయత్నం ఒకటి జరిగింది. 2001 జూన్ చివర్లో మెదక్ జిల్లాలో చిన్న, సన్నకారు రైతులూ కూలీలూ జ్యూరీగా కూర్చున్నారు. సగానికి పైగా ఆడవాళ్లు. దళితులు, ఆదివాసీలు ఎక్కువ. దాని పేరు ప్రజాతీర్పు. వ్యవసాయం ఎటు వెళ్ళాలన్న దానిమీద మూడు దారుల్ని వీడియోలుగా చూపించారు: విజన్ 2020 చెప్పే యాంత్రిక సేద్యం, ఎగుమతికి సేంద్రియ పంటలు, స్థానికంగా తమ కాళ్ల మీద తాము నిలబడే పద్ధతి. అధికారుల్నీ, శాస్త్రవేత్తల్నీ, కంపెనీల మనుషుల్నీ పిలిచి ప్రశ్నలేశారు. భూమి మీద బతికేవాళ్ల సంఖ్య తగ్గించే దారి తమకొద్దనీ, విత్తనం, నీరు, భూమి మీద తమ అదుపు తమకుండాలనీ తీర్పు చెప్పారు. మరుసటి ఏడు ఆ నివేదిక లండన్ చేరాక బ్రిటిష్ సాయం శాఖ అధికారులు దాని పద్ధతి మీద అభ్యంతరం తెలిపారు, పెద్ద వివాదమే నడిచింది. పద్ధతి మీద వాదన ఉండొచ్చు. కోట్ల పౌన్ల పథకాలకి ముందు అలాంటి జ్యూరీని దాతలే ఎందుకు కూర్చోబెట్టలేదన్నది నా బాధ. తీర్పు నచ్చకపోతే దాన్ని ఖండించడానికి దొరికిన తీరిక, పథకం రాసే ముందు ఊరికి వచ్చి కూర్చోవడానికి దొరకలేదు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఒక డచ్చి కథ ఉంది. ఈ వ్యాసంలో నేను ఎక్కువసేపు నిలబడదలచుకున్నది ఇక్కడే.

1995లో నెదర్లాండ్స్ డబ్బుతో రాయలసీమ, పాలమూరు, నల్లగొండ, ప్రకాశం లాంటి కరువు ప్రాంతాల్లో చిన్న రైతులకి బోర్లు వేసే పథకం మొదలైంది. దాన్ని ఏపీవెల్ అనేవారు. బోర్లు వేస్తూ పోతే నీళ్లు అడుగంటుతాయన్నది కొన్నాళ్లకే తేలింది. సాధారణంగా అలాంటప్పుడు ఒక నిపుణుడొచ్చి నివేదిక రాసి వెళ్తాడు. ఇక్కడ నిపుణులు కొలిచే పని రైతుల చేతుల్లో పెట్టారు. 2003లో అది ఏపీఫామ్స్ అనే పథకంగా మారింది. అదే ఏడు మన కేంద్ర ప్రభుత్వం చిన్న దాత దేశాల నుంచి నేరుగా సాయం తీసుకోకూడదని నిర్ణయించుకోవడంతో డచ్చి డబ్బు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మీదుగా వచ్చింది. నంద్యాల కేంద్రంగా పనిచేసే బర్డ్స్ సంస్థ, దాంతోపాటు మరికొన్ని స్థానిక సంస్థలు ఊళ్లలో పని నడిపాయి. ఏడు జిల్లాల్లో 638 ఊళ్లు, 2009 దాకా.

ఏం చేశారంటే, వాగు వెంట ఉన్న ఊళ్లన్నిటినీ ఒక నీటి కుటుంబంగా లెక్కేశారు, ఎందుకంటే భూమి లోపలి నీటికి పంచాయతీ పొలిమేర తెలీదు. ఊరి రైతులు, వాళ్లలో ఆడవాళ్లూ, రోజూ వాన కొలిచారు. పదిహేను రోజులకోసారి బోరులోకి మీటరు దించి నీటి మట్టం చూశారు. బక్కెట్టు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టి బోరు ఎన్ని నీళ్లు పోస్తోందో తెలుసుకున్నారు. ఆ అంకెల్ని ఊరి గోడ మీద రాశారు. రబీ ముందు అందరూ కూడి వానకి భూమిలోకి ఎంత దిగింది, ఖరీఫ్‌లో ఎంత తోడాం, ఇంకెంత ఉంది, ఎవరెవరు ఏ పంట వేద్దామనుకుంటున్నారు అని కూడికలూ తీసివేతలూ వేశారు. వరి వేస్తే లెక్క ఎంత తప్పుతుందో, శనగో జొన్నో వేస్తే ఎంత మిగులుతుందో అందరి కళ్లముందూ తేలేది. వరి వేయొద్దని ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు. జరిమానా లేదు, ప్రోత్సాహకం లేదు. ఇంటికెళ్ళి ఎవరి పంట వాళ్లే నిర్ణయించుకున్నారు. అయినా చాలా చోట్ల నీటి వాడకం తగ్గిందని, తగ్గించుకున్న రైతు ఆదాయం పడిపోలేదని 2010లో ప్రపంచబ్యాంకు నివేదిక రాసింది.

నా దృష్టిలో ఇది గొప్ప సంగతి. అప్పటిదాకా భూగర్భజలాల అంకెలు సర్కారు ఆఫీసులో ఉండేవి, రైతుకి తెలిసింది బోరు ఎండిందా లేదా అన్నదొక్కటే. లెక్క చేతికొచ్చాక రైతు లబ్ధిదారు కాడు, ఆ నీటికి కాపలాదారు. అయితే ఇదీ సంపూర్ణమేమీ కాదు. డబ్బు ఆగాక చాలా ఊళ్లలో కొలతలు మునుపటిలా సాగలేదని తర్వాత పరిశీలించినవాళ్లు రాశారు. కొలిచే అలవాటు రైతుకి అంటింది గానీ, మీటరు పాడైతే బాగుచేయించే బాధ్యత ఏ ప్రభుత్వ శాఖ ఖాతాలోనూ పడలేదు. ప్రాజెక్టు మొదటి రోజునే ముగింపు గురించి రాసుకోవాలని, చివరి మూడేళ్ల ఖర్చు స్థానిక ప్రభుత్వంతో కలిసి పంచుకోవాలని ఈ అనుభవం చెబుతోంది. ఈ విషయంలో మహిళా సంఘాల కథ మెరుగ్గా నడిచింది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990ల మధ్యలో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో చేయించిన పనిని రాష్ట్రం తన సొంతం చేసుకుంది. 2000లో అది వెలుగు పథకం అయింది, తర్వాత దేశమంతటికీ పాకింది. పరాయి డబ్బుతో నాటిన మొక్కకి సొంత నీళ్లు పోసే చేయి దొరికింది.

ఇప్పుడు చెప్పబోయేది రాయడం నాకు కష్టంగా ఉంది. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేశారు. అమెరికన్ స్వచ్ఛంద సంస్థ పాత్, గేట్స్ ఫౌండేషన్ డబ్బు, మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన టీకా, మన ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం: అందరూ అందులో భాగస్వాములే. సుమారు 14 వేల మంది పిల్లలు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారని తెలిసి మహిళా ఆరోగ్య సంఘాలు ఖమ్మం వెళ్ళి చూశాక, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకీ టీకాకీ సంబంధం లేదని విచారణ కమిటీ తేల్చింది. కానీ అనుమతి పత్రాలు తిరగేస్తే తల్లిదండ్రుల సంతకాల బదులు హాస్టల్ వార్డెన్లవీ, హెడ్‌మాస్టర్లవీ సంతకాలు బయటపడ్డాయి. చూసిన 9,543 పత్రాల్లో 2,763 అలాంటివే. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఆ టీకా మంచిదే. మన ఆడవాళ్లని ఎక్కువగా బలితీసుకునే క్యాన్సర్లలో అది ఆపగలిగే క్యాన్సర్ ఒకటి. అందుకే ఆ నష్టం మరీ పెద్దది. కొండరెడ్డి గూడెంలోనో కోయ గూడెంలోనో ఉన్న తల్లిని కూర్చోబెట్టి ఆమె భాషలో చెప్పడానికి పట్టే ఒక పూట మిగుల్చుకుని, ఒక తరం నమ్మకాన్ని పోగొట్టుకున్నారు. తర్వాత ఏళ్ల తరబడి ఆ టీకా పేరెత్తితే ఖమ్మం సంగతి ఎదురొచ్చేది. హుసేన్ ఖాన్‌కి కనీసం తనని కుట్టేది దోమ అని తెలుసు.

ఇదే టీకాల రంగంలో మంచి భాగస్వామ్యాలూ మన దగ్గరే పుట్టాయి. ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పిల్లల్లో 1980ల మధ్యలో దొరికిన ఒక రోటా వైరస్ రకంతో, 1987 నాటి భారత్–అమెరికా టీకా ఒప్పందం నీడలో, మన శాస్త్రవేత్తలూ అమెరికన్ శాస్త్రవేత్తలూ పాతికేళ్లకి పైగా పనిచేశారు. హైదరాబాద్ భారత్ బయోటెక్ దాన్ని టీకాగా చేసింది. డోసు ఒక డాలరుకి ఇస్తామని ముందే మాట ఇచ్చింది. 2016లో ప్రభుత్వ టీకా కార్యక్రమంలో మొదటగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాతికేళ్ల ఓపిక ఏ మూడేళ్ల ప్రాజెక్టులోనూ ఇమడదు. శాంతా బయోటెక్ కథ మరోలాంటిది. హెపటైటిస్-బి టీకా పరిజ్ఞానం కోసం 1990ల మొదట్లో విదేశానికి వెళ్ళిన వరప్రసాద్ రెడ్డికి అది దొరకలేదు, అవమానమే ఎదురైందని ఆయనే చాలాసార్లు చెప్పారు. పెట్టుబడి సాయం చేసింది ఒమాన్ విదేశాంగ మంత్రి. 1997లో సొంత టీకా వచ్చింది, ధర ఒక్కసారిగా దిగింది. పరిజ్ఞానం ఇవ్వకపోవడం వల్ల ఎన్నేళ్లు పోయాయో, ఆ ఏళ్లలో ఎందరు పిల్లలకి టీకా అందలేదో ఏ దాత లెక్కలోనూ ఉండదు.

కోవిడ్‌లో ఇది మళ్ళీ తేటతెల్లమైంది. పేటెంట్లు తాత్కాలికంగా పక్కన పెట్టమని భారత్, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరులో ప్రపంచ వాణిజ్య సంస్థని అడిగాయి. సంపన్న దేశాలు తర్జనభర్జనలు పడి 2022 జూన్‌లో కుదించిన నిర్ణయమొకటి ఒప్పుకున్నాయి. ఈలోగా అమెరికా టెక్సస్‌లో ఒక పిల్లల ఆసుపత్రి పరిశోధకులు, పీటర్ హోటెజ్, మరియా ఎలెనా బొటాజ్జీ, తమ టీకాకి పేటెంటే తీసుకోకుండా హైదరాబాద్ బయొలాజికల్-ఇ చేతిలో పెట్టారు. 2021 డిసెంబరు చివర్లో కోర్బెవాక్స్‌కి అనుమతి వచ్చింది. 2022 మార్చి నుంచి మన పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు వేసుకున్న టీకా అదే. ప్రభుత్వాలు రెండేళ్లలో చేయలేనిది ఒక ఆసుపత్రి ప్రయోగశాల చేసింది. ధనిక దేశం తన ప్రజల పన్నుతో నడిచే పరిశోధనలన్నిటికీ ఇలాంటి షరతు పెట్టొచ్చు: ప్రజల డబ్బుతో కనిపెట్టిన మందు కిటుకు పేద దేశపు తయారీదారుకి ఊరికే ఇవ్వాలి. దీనికి సాయం బడ్జెట్టులో పైసా కూడా అక్కర్లేదు.

పైసా అక్కర్లేని మేలు ఇంకోటి ఉంది, అది వర్తకంలో. భీమవరం వైపు రొయ్యల రైతు పొద్దున్నే అడిగేది వంద కౌంట్ రేటు ఎంత అని. ఆ రేటు చెరువు గట్టు మీద తేలదు, అమెరికాలో తేలుతుంది. 2005లో అమెరికా మన రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం వేసింది. అంతకు కొద్ది వారాల ముందే సునామీ అదే తీరాన్ని ముంచింది. ఒక చేత్తో సునామీ సాయం, ఇంకో చేత్తో సుంకం. 2025 ఆగస్టులో సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు మేతకి అప్పు తెచ్చిన రైతులు మళ్ళీ పడ్డారు. పత్తిలోనూ అంతే. అమెరికా తన పత్తి రైతులకిచ్చిన సబ్సిడీల వల్ల ప్రపంచ ధర పడిపోతోందని బ్రెజిల్ కేసు వేసి గెలిచి, 2014లో పరిహారంతో రాజీపడింది. అదే ధరకి అమ్ముకున్న వరంగల్, ఆదిలాబాద్ రైతులకి ఏమీ రాలేదు. సాయం శాఖకీ వాణిజ్య శాఖకీ మధ్య గోడ కట్టుకుని పనిచేసే దేశం భాగస్వామ్యం గురించి మాట్లాడినప్పుడు మన రైతుకి నమ్మకం ఎలా కలుగుతుంది?

మన మందుల ఫ్యాక్టరీల సంగతీ చెప్పాలి, లేకపోతే ఐడీపీఎల్ కథ సగమే చెప్పినట్టవుతుంది. ప్రపంచానికి చవకగా మందులిస్తున్న పటాన్‌చెరులో నక్కవాగు లాంటి వాగులు ఏమయ్యాయో అందరికీ తెలుసు. స్వీడిష్ పరిశోధకులు 2007లో అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిని పరీక్షిస్తే, లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు మింగిన మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. తప్పు మొదట మన కాలుష్య నియంత్రణదే. కానీ ఆ మాత్రలు కొన్న దేశాలు టెండర్లలో ధర ఒక్కటే చూస్తే, శుద్ధి మీద ఖర్చుపెట్టిన ఫ్యాక్టరీ ఓడిపోతుంది. కొనేటప్పుడు నక్కవాగుని కూడా లెక్కలోకి తీసుకోవడం భాగస్వామి చేయవలసిన పని.

ఇక వెళ్ళడం గురించి. 2021లో హైదరాబాద్ నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం దేశంలోనే మొదటిదైన మిత్ర్ క్లినిక్ అమెరికా ఎయిడ్స్ నిధులతో మొదలైంది. అక్కడ వాళ్లని ఎవరూ వింతగా చూడలేదు, అసలు విలువ అది. 2025 జనవరిలో వాషింగ్టన్‌లో ఒక సంతకంతో నిధులు ఆగాయి. కొద్ది రోజుల్లోనే క్లినిక్ మూతపడింది. మందు మీద బతికే మనిషికి వారం గడువు కూడా లేకపోవడం దారుణం. కొన్ని నెలలకి టాటా ట్రస్టుల సాయంతో అది వేరే పేరుతో తెరుచుకుంది. మన సొంత ప్రభుత్వ ఆరోగ్య బడ్జెట్టులో దానికి మొదటినుంచే ఒక వరుస ఉండి ఉంటే? ఆ ప్రశ్న దాతకే కాదు, మనకి కూడా.

వెళ్ళడం మర్యాదగా కూడా జరగొచ్చు. 1924లో బ్రిటిష్ సామ్రాజ్యపు కుష్ఠు నివారణ సంఘంగా పుట్టిన లెప్రా, 1989లో ఇక్కడ లెప్రా సొసైటీ అనే భారతీయ సంస్థగా రిజిస్టరై సికింద్రాబాద్ వెస్ట్ మారేడ్‌పల్లి నుంచి పనిచేస్తూ వచ్చింది. నడిపేది ఇక్కడివాళ్లు. చర్లపల్లిలో దాని పరిశోధన కేంద్రానికి బీబీసీ పిల్లల కార్యక్రమం చూసే ఇంగ్లండ్ పిల్లలు పోగుచేసిన డబ్బు ఆధారం. పేరులోంచి సామ్రాజ్యం పోవడం, పగ్గాలు చేతులు మారడం నెమ్మదిగా, దశాబ్దాల మీద జరిగాయి.

ఇన్ని మాటలు అన్నాక ఇప్పుడు మనం ఎవరిమో కూడా చూసుకోవాలి. బ్రిటన్ మనకిచ్చే ఆర్థిక సాయం 2015తో ముగిసింది. మనమిప్పుడు ఇచ్చే దేశం. 1964 నుంచి ఐటెక్ కార్యక్రమం కింద ఆసియా, ఆఫ్రికా దేశాల ఉద్యోగులు హైదరాబాద్ సంస్థల్లో నేర్చుకుని వెళ్తున్నారు, అది మనం గర్వపడదగ్గ పని. 2021 వేసవిలో మన దగ్గర కోవిడ్ విజృంభించినప్పుడు మనమూ టీకాల ఎగుమతి ఆపేశాం, ఆఫ్రికా దేశాలు ఎదురుచూస్తూ ఉండిపోయాయి. ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా మనమిచ్చే అప్పుల్లో మామూలుగా 75 శాతం సరుకులూ సేవలూ ఇండియా నుంచే కొనాలన్న షరతు ఉంది. బ్రిటన్ తన సాయానికి ఇలాంటి ముడిని 2001లోనే విప్పేసింది.

తార్నాకలో 1957 నుంచి రైల్వే సిగ్నల్, టెలికమ్యూనికేషన్ ఇంజనీర్లకి పాఠాలు చెబుతున్న ఇరిసెట్ ఉంది. విదేశీ రైల్వేల వాళ్లూ అక్కడ చదువుకుని వెళ్తుంటారు. మన అప్పుతో ఆఫ్రికాలో ఒక రైలుమార్గం వేస్తే, అప్పు పత్రంలో ఆ 75 శాతం వరుస కొట్టేసి, దాని స్థానంలో ఇంకో వరుస రాయమని నేను కోరతాను: అక్కడి స్టేషన్‌లో అర్ధరాత్రి సిగ్నల్ ఆగిపోయినప్పుడు, తార్నాకకి ఫోన్ చేయకుండా, అక్కడి ఉద్యోగే తన పనిముట్ల పెట్టె తెరిచి బాగుచేసిన రోజే ఈ ప్రాజెక్టు ముగిసిన తేదీ.